బ్రిటన్‌లో ఒకరిని ‘పాష్’ అంటే మెచ్చుకున్నట్టా, తక్కువ చేసినట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఉద్యోగం మీద హైదరాబాద్ నుంచి షెఫీల్డ్ వచ్చి మీకు కొన్ని నెలలే అయింది. మీ టీమ్ లీడ్ ఇంటికి భోజనానికి పిలిచారు. ఇల్లు, వెనక తోట, బల్ల మీద ప్లేట్లు సర్దిన తీరు చూసి ముచ్చటపడి "యూ ఆర్ సచ్ ఎ పాష్ ఫ్యామిలీ" అన్నారు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు గానీ, ఆవిడ భర్త "మేమేం పాష్ కాదు" అని కాస్త గట్టిగానే అన్నారు. అక్కడితో మాట మారిపోయింది. మెచ్చుకుందామని అన్న మాట తిట్టులా తగిలిందేమోనని మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. మీరు తిట్టలేదు. కానీ మీరనుకున్న మెచ్చుకోలు కూడా వాళ్లకు చేరలేదు. వస్తువునో, చోటునో పాష్ అంటే చాలావరకు మెచ్చుకోలే. మనిషిని పాష్ అంటే మాత్రం ఆ మనిషి ఏ వర్గంలో పుట్టి పెరిగాడో మీరు తేల్చి చెప్పినట్టు. హోటల్ పాష్‌గా ఉందనండి, తిండి పాష్‌గా ఉందనండి, పర్వాలేదు. ఎదుటి మనిషిని పట్టుకుని "మీరు పాష్" అనడం మాత్రం, బాగా చనువు కుదిరేదాకా మానుకోండి.

నేను మీ షెఫీల్డ్ ఉన్న యార్క్‌షైర్‌లోనే చాలా ఏళ్లుగా పెద్దవాళ్లకు ఇంగ్లిష్ చెబుతున్నాను. నా క్లాసులకు వచ్చేవాళ్లలో నర్సులు, కేర్ హోముల్లో చేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, పెళ్లై వచ్చిన అమ్మాయిలు, అందరూ ఉంటారు. తెలుగువాళ్లు ఈ మాట దగ్గర తడబడటం తరచుగా చూస్తుంటాను. మాట తెలియక కాదు, ముందే తెలుసు కాబట్టి. మన దగ్గర ‘పాష్ ఏరియా’ అని పేపర్లో చదువుతాం, రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో చూస్తాం. జూబ్లీ హిల్స్ పాష్, బంజారా హిల్స్ పాష్. అక్కడ ఆ మాటకు అర్థం ఒక్కటే, స్థలం ఖరీదు. ఎవరైనా మిమ్మల్ని "పాష్ ఏరియాలో ఉంటున్నారే" అంటే మనసులో సంతోషిస్తారు తప్ప బాధపడరు. ఆ అర్థాన్నే పట్టుకుని విమానం దిగుతాం. ఇక్కడ అదే మాటకు ఇంకో పెద్ద అర్థం ఉంది, డబ్బు అందులో సగం కూడా కాదు.

డబ్బున్నవాళ్లంతా పాష్ కాదు, పాష్ అయినవాళ్లందరికీ డబ్బుండదు. ఇది పట్టుబడితే మిగతాదంతా సులువు. ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ ఆటగాడికి వారానికి లక్ష పౌండ్లు వచ్చినా, మాట లివర్‌పూల్ వీధుల్లో పుట్టి పెరిగినవాడిలా ఉంటే అతన్ని ఎవరూ పాష్ అనరు. రిచ్ అంటారు. అదే పాత జమీందారీ కుటుంబంలో పుట్టి, కారుతున్న కప్పుతో పెద్ద రాతి ఇంట్లో ఉంటూ, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటర్ వేసుకుని, పాత కారు నడుపుకునే ముసలాయన నోరు విప్పగానే "ఓహో, పాష్" అనుకుంటారు. ఆయన బ్యాంకులో ఏమీ లేకపోవచ్చు. పుట్టుక, చదివిన బడి, మాట పలికే తీరు, తినే పద్ధతి, ఇవన్నీ కలిస్తే పాష్.

బడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడ ‘పబ్లిక్ స్కూల్’ అంటే సర్కారు బడి కాదు, పాత కాలపు ఖరీదైన ప్రైవేటు బడి. వాటిలో అందరికీ తెలిసిన ఈటన్ 1440లో మొదలైంది. ఇప్పుడక్కడ ఏడాది ఫీజు పన్నుతో కలిపి 60 వేల పౌండ్లు దాటింది. దేశం మొత్తం మీద ప్రైవేటు బళ్లలో చదివే పిల్లలు సుమారు 7 శాతమే. జడ్జీలు, పెద్ద సంపాదకుల్లో మాత్రం ఆ బళ్ల నుంచి వచ్చినవాళ్ల వాటా దానికి ఎన్నో రెట్లు. అందుకే ‘పాష్ స్కూల్’ అనే మాటలో కొంచెం ఆరాటం, కొంచెం కోపం కలిసే ఉంటాయి. 2012 ఏప్రిల్‌లో నడీన్ డోరీస్ అనే కన్సర్వేటివ్ ఎంపీ సొంత పార్టీ ప్రధాని డేవిడ్ కామెరాన్‌నూ, ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బర్న్‌నూ పాలప్యాకెట్ ధర కూడా తెలియని ఇద్దరు ‘పాష్ బాయ్స్’ అని టీవీలోనే విమర్శించింది. ఆవిడ పుట్టింది లివర్‌పూల్‌లో. కామెరాన్ చదివింది ఈటన్‌లో. ‘పాష్ బాయ్స్’ అన్న ఆ రెండు ముక్కలూ ఆ రోజుల్లో ఇంతగా జనం నోళ్లలో నానడానికి కారణం అందులో ‘రిచ్’ అనకుండా ‘పాష్’ అనడమే. రిచ్ అంటే డబ్బుందని చెప్పడం. పాష్ అంటే మామూలు జనం బతుకు ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదని చెప్పడం.

దీనికి ఎదురు ఉదాహరణ విక్టోరియా బెకమ్. 1996లో టాప్ ఆఫ్ ది పాప్స్ అనే పత్రిక సంపాదకుడు పీటర్ లొరెయిన్, ఆవిడ పాడే స్పైస్ గర్ల్స్ అనే పాప్ బృందంలోని ఐదుగురికీ ముద్దుపేర్లు పెట్టినప్పుడు ఆవిడకు ‘పాష్ స్పైస్’ అని పెట్టాడు. ఆవిడ వేసుకునే బట్టలూ, నిలబడే తీరూ చూసి పెట్టిన పేరది. అసలైన అర్థంలో ఆవిడ కుటుంబం పాష్ కాదు, వ్యాపారంలో పైకొచ్చినవాళ్లు. 2023లో వచ్చిన బెకమ్ డాక్యుమెంటరీలో ఆవిడ మాది వర్కింగ్ క్లాస్, అంటే కార్మిక వర్గం కుటుంబం అనబోతే, భర్త, ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెకమ్, తలుపు దగ్గర నిలబడి, మీ నాన్న మిమ్మల్ని ఏ కారులో బడికి దించేవాడో చెప్పమని పట్టుబడతాడు. చివరికి 80లలో రోల్స్ రాయిస్ ఉండేదని ఒప్పుకుంటుంది. బ్రిటన్ అంతా ఆ ముక్కను చూసి చూసి నవ్వుకుంది. రోల్స్ రాయిస్ ఉన్నంత మాత్రాన ఆవిడ పాష్ అయిపోదు, అలాగని వర్కింగ్ క్లాస్ అని ఎవరూ ఒప్పుకోరు. వర్గం అనేది ఇక్కడ జీతాన్ని బట్టి తేలదు, జీతం పెరిగినంత మాత్రాన వదిలిపోదు.

మీ టీమ్ లీడ్ భర్తకు ఎందుకు గుచ్చుకుందో ఇప్పుడు ఊహించొచ్చు. షెఫీల్డ్ స్టీలు కార్ఖానాల ఊరు. చుట్టుపక్కల బొగ్గు గనుల ఊళ్లు. 1984-85 గనికార్మికుల సమ్మె ఇక్కడి కుటుంబాల్లో ఇంకా మాట్లాడుకునే విషయం. ఆయన తండ్రో తాతో ఫర్నేస్ దగ్గరో గనిలోనో పనిచేసి ఉండొచ్చు. అలాంటి ఇంట్లో పెరిగి, చదువుకుని, మంచి ఇల్లు కట్టుకున్న మనిషికి తన వర్గం ఒక గర్వం. మీ నోటి నుంచి ‘పాష్’ వినేసరికి, నువ్వు మీ నాన్న మనిషివి కాదు అన్నట్టు వినిపించి ఉంటుంది. ఇది నా ఊహే, ఆయన కుటుంబం నాకు తెలియదు. కానీ ఉత్తర ఇంగ్లండ్‌లో ఈ రకం స్పందన నేను చాలాసార్లు చూశాను. "మేము పాష్ కాదు" అనే మాట ఇక్కడ వినయం కాదు, మా మూలాలు మాకు గుర్తున్నాయని చెప్పుకోవడం.

తెలుగులో చెప్పాలంటే, ఊళ్లో ఒకాయన మంచి ఇల్లు కట్టుకున్నాడని "మీరు దొరలండీ" అంటే ఎలా ఉంటుందో అలా. తెలంగాణలో దొర అనే మాటకున్న చరిత్ర మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకరికి మర్యాదగా, ఒకరికి ఎత్తిపొడుపుగా తగులుతుంది. పాష్‌కు అంత బరువు లేదు, దాని వెనక గడీలు, వెట్టిచాకిరీ లేవు. కానీ అనే మనిషికీ అనిపించుకునే మనిషికీ మధ్య మెట్లున్నాయని గుర్తుచేయడంలో రెండూ చుట్టాలే.

ఇక వస్తువుల సంగతి. ఇక్కడ హాయిగా వాడుకోవచ్చు, బ్రిటిష్ వాళ్లు కూడా రోజూ వాడతారు. మామూలుగా ఉండేదానికి కాస్త మెరుగైన రూపం ఇస్తే అది పాష్. ఉప్పు చల్లిన చిప్స్ ప్యాకెట్ మామూలు క్రిస్ప్స్, సముద్రపు ఉప్పూ వెనిగరూ వేసి చేత్తో వేయించామని రాసుకున్న దళసరి ప్యాకెట్ పాష్ క్రిస్ప్స్. బ్రెడ్ ముక్కల మధ్య ఫిష్ ఫింగర్లు పెడితే పిల్లల తిండి, అదే పబ్బులో మంచి బ్రెడ్డుతో, పక్కన సాసుతో తెస్తే పాష్ ఫిష్ ఫింగర్ శాండ్‌విచ్. ఇన్‌స్టంట్ పొడి కాకుండా గింజలు మరపట్టి చేస్తే పాష్ కాఫీ. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే శుభ్రమైన బండి మరుగుదొడ్లను ‘పాష్ లూస్’ అని ఆ కంపెనీలే ప్రకటన వేసుకుంటాయి. మంచి తిండిని ‘పాష్ నాష్’ అంటారు, ప్రాస కుదిరింది కాబట్టి నిలిచిపోయింది. ఫంక్షన్‌కు వేసుకునే మంచి గౌను ‘పాష్ ఫ్రాక్’. హోదా ఉన్న పార్టీ ‘పాష్ డూ’. సూపర్‌మార్కెట్లలో వెయిట్‌రోజ్ పాష్, ఆల్డీ, లిడిల్ కాదు. ఇలాంటిచోట ఎవరికీ నొప్పి లేదు, సరదా ఉంది.

నా విద్యార్థిని ఒకామె, కృష్ణా జిల్లా అమ్మాయి, కేర్ హోములో చేసేది. మధ్యాహ్నం స్టీలు క్యారేజీ తెరిచి అన్నం ఒక గిన్నెలో, పప్పు ఒక గిన్నెలో, వేపుడు ఒక గిన్నెలో పెట్టుకుని తింటుంటే, తోటివాళ్లు "ఊ, దట్స్ పాష్!" అన్నారట. వాళ్ల చేతిలో దుకాణంలో కొన్న చల్లని శాండ్‌విచ్ ఉంది. నన్ను వెక్కిరిస్తున్నారా అని ఆమె అడిగింది. కాదు. ఆ ‘ఊ’ అనే సాగదీత, ఆ నవ్వు, రెండూ కలిస్తే మెచ్చుకోలు. మనకింత శ్రద్ధగా ఎవరు వండిపెడతారని కొంచెం అసూయ కూడా. నవ్వి, ఒక చెంచా రుచి చూపించమన్నాను. తర్వాత వాళ్లే రెసిపీ అడగడం మొదలుపెట్టారు.

మనల్ని పాష్ అంటే ఏం చేయాలి? మీరు అడగలేదు గానీ, మీకూ ఇది ఎదురవుతుంది. మన బడుల్లో నేర్పే ఇంగ్లిష్ పుస్తకపు ఇంగ్లిష్. "మే ఐ", "షల్ వుయ్", "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్" అని పూర్తి వాక్యాలు మాట్లాడతాం. షెఫీల్డ్ వీధిలో అది ఏదో దర్బారులో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఇంకో చిన్న కారణం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. బాత్, గ్లాస్, క్లాస్, గ్రాస్ లాంటి మాటల్లో మనం అచ్చును దీర్ఘంగా పలుకుతాం. లండన్, దక్షిణ ఇంగ్లండ్ వాళ్లూ అలాగే పలుకుతారు. యార్క్‌షైర్ వాళ్లు మాత్రం అదే అచ్చును పొట్టిగా పలుకుతారు. వాళ్ల చెవికి దీర్ఘం అంటే దక్షిణం, దక్షిణం అంటే పాష్. అందుకే గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు "గ్లాస్ ఆఫ్ వాటర్" అనగానే "టాకింగ్ పాష్!" అని ఆటపట్టిస్తారు. అతనికి లండన్ కూడా తెలియదు పాపం. దీనికి బాధపడకండి, యాస మార్చుకోవాలని ప్రయత్నించకండి. నవ్వి ఊరుకుంటే చాలు. వాళ్లు ఆటపట్టిస్తున్నారంటే మిమ్మల్ని కలుపుకుంటున్నారని అర్థం.

అయితే అన్ని సందర్భాలూ ఇలా తేలికగా ఉండవు. నవ్వు లేకుండా, పెదవి కొంచెం విరిచి "ఎ బిట్ పాష్ ఫర్ మీ" అంటే ఆ చోటు నాకు సరిపడదు, అక్కడ నన్ను తక్కువగా చూస్తారు అని. మీ సహోద్యోగి ఏదైనా రెస్టారెంట్ గురించి అలా అంటే, పర్వాలేదు రండి అని బలవంతపెట్టకండి. ఖరీదు భయం ఒకటే కాదు, ఏ ఫోర్కు ఎప్పుడు తీయాలో తెలియక నలుగురిలో చిన్నబోతామనే భయం కూడా అందులో ఉంటుంది. పని చోట ఒక పిల్లాడిని అందరూ కలిసి రోజూ ‘పాష్ బాయ్’ అని పిలుస్తుంటే అది ఆట కాదు, ఏడిపించడమే. నా క్లాసుకు వచ్చిన ఒక జూనియర్ డాక్టరు తన వార్డులో ఇలాంటిది చూసి, మీరు ఆ పిలుపు మానండి అని నెమ్మదిగా చెప్పాడు. సరిగ్గా చేశాడనే నా అభిప్రాయం.

ఒక విషయం చాలామందికి వింతగా ఉంటుంది. నిజంగా పైవర్గంలో పుట్టినవాళ్లు తమను తాము పాష్ అనుకోరు, ఆ మాట మామూలుగా వాడరు కూడా. ఇంగ్లిష్‌వాళ్ల అలవాట్లను దగ్గర నుంచి పరిశీలించిన మానవశాస్త్రవేత్త కేట్ ఫాక్స్ 2004లో రాసిన పుస్తకంలో ఈ సంగతి చెప్పింది. పైవర్గం వాళ్లు ‘స్మార్ట్’ అంటారు. మధ్యతరగతివాళ్లు పాష్ అంటే సాధారణంగా సరదా స్వరంలో అంటారు, మాటకు కొంచెం దూరంగా నిలబడినట్టు. కింది వర్గాలవాళ్లు మామూలుగానే అంటారు. కాబట్టి ఈ మాట అన్నవాళ్లు తాము ఎక్కడ నిలబడి చూస్తున్నారో కూడా చెప్పేస్తారు. పాష్ ఎప్పుడూ పక్కవాడే, నేను కాదు. నా క్లాసులో ఒకసారి బ్రిటిష్ వాలంటీర్లను పాష్ అంటే ఎవరు అని అడిగాను. పాత బొగ్గు గనుల ఊరు బార్న్స్‌లీ నుంచి వచ్చిన ఆవిడ, యార్క్‌షైర్‌లోనే కలిగినవాళ్ల ఊరైన హారోగేట్ వాళ్లు అంది. హారోగేట్‌లో పెరిగినాయన, లండన్ పక్కన ఉండే సర్రీ వాళ్లు అన్నాడు. సర్రీలో బంధువులున్న ఆవిడ, అబ్బే, వాళ్లది ఉట్టి డబ్బు, అసలు పాష్ అంటే పెద్ద ఎస్టేట్లున్న పాత కుటుంబాలు అంది. ఎవరూ తమ ఊరి పేరు చెప్పలేదు.

ఇలా మాటలతో వర్గాన్ని పోల్చుకోవడం బ్రిటన్‌లో కొత్త కాదు. 1954లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు అలన్ రాస్, పైవర్గం వాళ్లు వాడే మాటలనూ వాడని మాటలనూ జాబితా కట్టి ఒక వ్యాసం రాశాడు. పైవర్గానికి ‘యు’ అని, కానిదానికి ‘నాన్-యు’ అని పేర్లు పెట్టాడు. మరుసటి ఏడాది రచయిత్రి నాన్సీ మిట్‌ఫర్డ్ దాని గురించి రాసేసరికి దేశమంతా పాకింది. యు వాళ్లు నాప్‌కిన్ అంటారు, కానివాళ్లు సర్వియెట్ అంటారు. యు వాళ్లది లావటరీ లేదా లూ, కానివాళ్లది టాయ్‌లెట్. సోఫా యు, సెట్టీ కాదు. అన్నిటికన్నా మనకు ఆశ్చర్యంగా ఉండేది ‘పార్డన్’. మన ఇంగ్లిష్ మాస్టార్లు, మాట వినపడకపోతే "వాట్" అనకూడదు, "పార్డన్" అనాలి అని బెత్తం పట్టుకుని నేర్పారు. ఇక్కడి పైవర్గం ఇళ్లలో సరిగ్గా తలకిందులు, పిల్లలు "వాట్" అంటే ఊరుకుంటారు, "పార్డన్" అంటే దిద్దుతారు. మీరు దీనికోసం ఏమీ మార్చుకోవద్దు. "సారీ?" అనండి, ఏ వర్గంలోనైనా చెల్లుతుంది.

సాయంత్రం భోజనం పేరు కూడా ఇలాంటిదే. మీరుండే షెఫీల్డ్‌లో చాలామంది మధ్యాహ్నం తినేది ‘డిన్నర్’, సాయంత్రం తినేది ‘టీ’ అంటారు. "కమ్ ఫర్ యువర్ టీ" అంటే చాయ్ తాగి రావడం కాదు, భోజనానికి రమ్మని. ఇంట్లో కడుపునిండా తిని వెళ్లకండి. రాత్రి మామూలు భోజనాన్ని ‘సప్పర్’ అనేవాళ్లుంటే, వాళ్ల పక్కింటివాళ్లు ఆ మాట విని పాష్ అనుకుంటారు.

వాడుకలో కొన్ని మెలకువలు. పలికేటప్పుడు ‘పోష్’ అని దీర్ఘం తీయకండి. షాప్, హాట్ అన్న మాటల్లో బ్రిటిష్ వాళ్లు ఏ అచ్చు పొట్టిగా పలుకుతారో అదే ఇక్కడా. ‘పాషర్’, ‘పాషెస్ట్’ అని పోల్చి చెప్పొచ్చు. ‘టాక్ పాష్’ అంటే పైవర్గం యాసలో మాట్లాడటం. ‘పాష్ అప్’ అంటే ఉన్నదానికి మెరుగులు దిద్దడం. ఇది మాట్లాడే భాష, రాతలో జాగ్రత్త. ఆఫీసు రిపోర్టులో ‘పాష్ క్లయింట్’ అని రాయకండి, ఇంటర్వ్యూలో అనకండి. అక్కడ ‘హై-ఎండ్’, ‘అప్‌మార్కెట్’ లాంటివి సరిపోతాయి.

దీని చుట్టాల గురించి ఒకటి రెండు మాటలు. ‘ఫ్యాన్సీ’, ‘స్వాంకీ’ అంటే ఆర్భాటంగా, ఖరీదుగా ఉండటం. వర్గం ప్రసక్తి తక్కువ. ‘క్లాసీ’ అంటే మెచ్చుకోలే, కానీ కొందరికి అది అతిగా వినిపిస్తుంది. ‘టాఫ్’ అంటే పైవర్గం మనిషి, ఎగతాళి ఉంటుంది. ‘స్నాబ్’ అంటే ఇతరుల్ని చిన్నచూపు చూసేవాడు, ఇది తిట్టే. పాష్ మనుషులంతా స్నాబ్‌లు కాదు, స్నాబ్‌లంతా పాష్ కాదు. ‘స్మార్ట్’ అంటే ఇక్కడ తెలివితేటల కన్నా నీటైన బట్టలకు ఎక్కువ వాడతారు. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తాను. పాష్‌కు వ్యతిరేకంగా, కింది వర్గంవాళ్లను చులకన చేస్తూ వీళ్లు వాడే ‘కామన్’, ‘చావ్’ అనే మాటలు మీ నోట రానివ్వకండి. వాళ్లలో వాళ్లు అనుకోవడం చూసి మనమూ అంటే, అది పేదల్ని అవమానించడమే.

భారతదేశంలో ఇంకో తికమక ఉంది. హైదరాబాద్ ఆఫీసులో ‘పోష్ ట్రైనింగ్’, ‘పోష్ కమిటీ’ అని వినే ఉంటారు. అది 2013లో వచ్చిన, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నివారించే చట్టానికి ఇంగ్లిష్ పొడి అక్షరాలతో కట్టిన పొట్టిపేరు. దీనికీ దానికీ సంబంధం లేదు. బ్రిటిష్ సహోద్యోగితో "నిన్న మాకు పోష్ ట్రైనింగ్ ఉంది" అంటే మర్యాదలు నేర్పే క్లాసు అనుకుంటాడు. పూర్తి పేరు చెప్పండి.

మీ ప్రశ్న కింద ఒకరు రాసిన మాట చూశాను, ఇది ఓడల నుంచి వచ్చిందని. ఇంగ్లండ్ నుంచి ఇండియాకు వచ్చే పి అండ్ ఓ కంపెనీ ఓడల్లో ధనవంతులు వెళ్లేటప్పుడు ఎడమవైపు, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు నీడపట్టున ఉండే గదులు తీసుకునేవారని, ‘పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్’ అనే ఆ ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే ఇలా అయ్యాయని కథ. మన కోచింగ్ సెంటర్లలో కూడా చెబుతారు. వినడానికి బాగుంటుంది, ఆధారం లేదు. అలాంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఒక్కటి కూడా దొరకలేదు. ఈ కథ అచ్చులో కనబడేది 1930లలో. మాట అంతకన్నా ముందే ఉంది. 1918 సెప్టెంబరులో పంచ్ అనే హాస్యపత్రిక కార్టూన్‌లో ఒక యువ వైమానికుడు తల్లితో మాట్లాడుతూ ఈ మాట వాడతాడు. పంతొమ్మిదో శతాబ్దపు దొంగల భాషలో ఇదే మాటకు చిల్లర డబ్బు అని అర్థం ఉండేది. దానికి మూలం రొమానీ భాషలో సగం అని అర్థమిచ్చే మాట అంటారు. రొమానీ మాట్లాడేవాళ్ల పూర్వీకులు ఉత్తర భారతం నుంచి వెళ్లినవాళ్లే. ఆ చిల్లరే ఈ పాష్ అయిందా అన్నది ఎవరూ తేల్చలేదు. ఓడల కథను మాత్రం ఇక పిల్లలకు నిజమని చెప్పకండి.

ఇక మీ టీమ్ లీడ్ సంగతి. క్షమాపణ మెయిల్ రాస్తానన్నారు, వద్దు. ఎప్పుడో అయిపోయిన చిన్న మాటను తవ్వితే ఆవిడే ఇబ్బంది పడతారు. భోజనానికి థ్యాంక్స్ చెబుతూ ఒక కార్డు ఇవ్వండి, ఇక్కడ కార్డులకు విలువ ఎక్కువ. అందులో తోట గురించి, ప్రత్యేకించి మీకు నచ్చిన వంటకం గురించి రాయండి. ‘లవ్లీ’ అన్న మాట ఇక్కడ అందరికీ అన్నిటికీ పనికొస్తుంది, "యువర్ గార్డెన్ ఈజ్ లవ్లీ" అంటే ఏ వర్గమూ అడ్డు రాదు. ఈసారి మీరు వాళ్లను భోజనానికి పిలిచినప్పుడు, ఆయన్ని తన ఊరి గురించి, వాళ్ల నాన్న ఏం చేసేవారో అడగండి. ఆయన ఆగకుండా చెబుతారు. మీ నాన్నగారి గురించి మీరూ చెప్పండి.